వీరుల వేషము – చూపరుల వివాదము



కృష్ణుని శిరస్సుపైనుండి నెమలిపింఛమును తీసివేసినచో నతడు కృష్ణుడగునా, కాడా? రావణుని కిరీటము తొలగించి, జుట్టు పొట్టిగా కత్తిరించి, గడ్డము పెంచి నిలువబెట్టినచో లంకాధీశుడని పోల్చుకొందుమా? వినుటకు ఇవి పిల్లల ప్రశ్నలవలె నున్నవి. కాని వీనిని గూర్చి పెద్దపెద్దవారు కలహించిరి. పత్రికలు పుటలు నింపినవి. వందల కోట్ల రూపాయల వ్యయముతో తీసిన యొక చలనచిత్రము విడుదల కాక నెలల తరబడి నిలిచిపోయినది. సముద్రముల కావల అమెరికా దేశమున ఒక వీరునికి ఎఱ్ఱని లాగు ఉండవలెనా, తీసివేయవలెనా యని యేండ్లకేండ్లు తగవు నడచినది. ఇంతటి తగవునకు మూలమేమో, అందు న్యాయమెంతయో, వట్టి అలవాటెంతయో విచారించుట నేటి నా ప్రసంగమునకు విషయము.

మన పూర్వులు ఈ సంగతిని ఉపేక్షింపలేదు. భరతముని నాట్యశాస్త్రమున అభినయమును నాలుగు విధములుగా విభజించి, ఆంగిక వాచిక సాత్త్వికముల సరసన ఆహార్యమునకును పీట వేసెను. ఆహార్యమనగా వేషము. పాత్ర నోరు తెఱవకమునుపే, కాలు కదపకమునుపే అది యెవరో ప్రేక్షకునికి తెలుపవలసిన భారము దానిది. ఒడలికి పూయవలసిన రంగులు, కిరీటముల రకములు, గడ్డముల భేదములు సైతము ముని వివరించెను. శిల్పులకు ధ్యానశ్లోకములు గలవు. ఏ దేవతకు ఎన్ని చేతులు, ఏ చేత నేమి యాయుధము, మేనివన్నె యెట్టిది యను సంగతులు వానిలో చెప్పబడినవి. కాని చీరె అంచు ఎన్ని వ్రేళ్ల వెడల్పుండవలెను, పంచె కుచ్చెళ్లు ఎన్ని పెట్టవలెను అను మాటలు వానిలో సామాన్యముగా కనబడవు.

ఇచ్చటనే నాకొక భేదము తోచుచున్నది. వేషమున రెండు భాగములు గలవు. ఒకటి గుఱుతు, రెండవది సొగసు. గుఱుతు పోయినచో వ్యక్తి పోవును. సొగసు కాలముతోపాటు మాఱుచునే యుండును. శంఖచక్రములు గుఱుతు, పట్టుపంచె అంచు సొగసు. వివాదములలో పెక్కు ఈ రెంటి నడుమనుండు గట్టు ఎక్కడ అను విషయమై పుట్టినవే. పొలముగట్ల తగవులవలె ఇవియు త్వరగా తెగవు.

మన తొర్రూరు ప్రాంతమువారికి ఈ మాట బోధపడుట సులభము. పాలకుర్తి సమీపమున బమ్మెర గలదు. పోతనామాత్యుడు మావాడని ఒంటిమిట్టవారును అందురు. ఆ వాదము నేటికి వలదు. ఆయన భాగవతము మన తాతల నాటినుండి గుడులలోను అరుగులమీదను చదువబడుచున్నది. విన్న ప్రతివాని మనస్సులోను ఒక కృష్ణుడు గలడు. ఆ కృష్ణుని ముఖమును ఎవడును చూచి యెఱుగడు. అయినను ఎవడైన క్రొత్తగా కృష్ణుని బొమ్మ గీసి తెచ్చెనా, “కృష్ణు డిట్లుండడు” అని చదువురాని ముసలవ్వ సైతము వెంటనే చెప్పగలదు. చూడనివాని పోలిక ఆమెకెట్లు తెలిసెను? పద్యములో పింఛమును, పీతాంబరమును, వేణువును విన్నది. తక్కినదంతయు బొమ్మలలో చూచినది. ఆ బొమ్మలు వ్రాసినవా రెవరు?

మన సీమలో మొదట చెప్పవలసినవారు చేర్యాల నకాషీలు. చేర్యాల జనగామనుండి సిద్దిపేటకు పోవు త్రోవలో నున్నది. 2016 వఱకు అదియు మనమును ఒకే వరంగల్లు జిల్లాలో నుంటిమి. నేడది సిద్దిపేట జిల్లాలోను, మన తొర్రూరు మహబూబాబాదు జిల్లాలోను చేరినవి. పటములకు మాత్రము జిల్లాలు లేవు. కథకులు వానిని చంకబెట్టుకొని తెలంగాణమున ఊరూర తిరిగిరి.

ఆ పటము తయారగు తీరును కొంచెము వివరముగనే చెప్పెదను, ఏలనన వేషములు స్థిరపడుటకు గల కారణము అందులోనే యున్నది. ముతక నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురునీరు కలిపి పూతలు పూయుదురు. ఒక పూత ఆఱిన పిదప మఱియొకటి. గుడ్డ సున్నపుగోడవలె నునుపెక్కవలెను; చుట్టినచో మాత్రము పగులరాదు. ఆ పిమ్మట బొమ్మల గీతలు గీసి, వెనుకతట్టంతయు ఎఱుపు నింపుదురు. ఆ ఎఱుపుమీద పసుపు, నీలి, ఆకుపచ్చ, తెలుపు చదునుగా పఱచి, తుదకు నల్లని సన్నగీతతో కనుముక్కులను నగలను తేల్చుదురు. ఉడుతవెండ్రుకల కుంచెలు వారి వాడుక. పూర్వము గవ్వలు నూఱి తెలుపును, దీపపు మసితో నలుపును చేసికొనెడివారు; నేడు అంగడిరంగులును వచ్చినవి. పటము ఇంచుమించు మూడడుగుల వెడల్పు, నలుబది ఏబది అడుగుల పొడవు ఉండును. తలభాగమున వినాయకుడు, ఆ పిదప సరస్వతి, అక్కడినుండి క్రిందికి కథ. ఘట్టమున కొక అర, అరకును అరకును నడుమ పూలతీగె. నేటి పిల్లలు చదువు బొమ్మలకథల పుస్తకములకును దీనికిని ఏర్పాటులో పెద్ద భేదమేమియు నాకు కనబడదు. అది కుట్టిన పుస్తకము, ఇది చుట్టిన పుస్తకము.

అయితే ఈ పుస్తకమును చదువువాడొకడు, చూచువారు వాడకట్టు అంతయు. రాత్రివేళ దీపపు వెలుతురులో గుంజలకు పటమును వ్రేలాడగట్టి, కథకుడు కఱ్ఱతో బొమ్మను చూపుచు పాడును. కథ సాగిన కొలది పటము విప్పబడును. పదిబారల దూరమున కంబళి కప్పుకొని కూర్చున్న ముసలివాడు సైతము భీముడెవడో, దుర్యోధనుడెవడో ఒక్క చూపున పట్టవలెను. అచ్చట వెలుగునీడల నేర్పు అక్కఱకు రాదు. ముఖమున సూక్ష్మభావము చూపినను కనబడదు. కావుననే దేవుళ్లకు నీలివన్నె, అమ్మవార్లకు పసుపువన్నె, రాక్షసులకు ముదురువన్నె, మనుష్యులకు మేనివన్నె అను నియమము నిలిచినది. వన్నె మాఱినచో కథకుని పాట ఒకటి చెప్పును, పటము వేఱొకటి చెప్పును. నియమములు శాస్త్రమునుండి వచ్చినవని పండితులు చెప్పుదురు, నిజమే. కాని వానిని కాపాడినది దీపపు వెలుతురు.

మఱియొక కారణము గలదు. ఈ పటములు ఒక్కొక్క కులమువారికి ఇంటి చరిత్రవంటివి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయపురాణము చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. గౌడులకు గౌడపురాణము, రజకులకు మడేలుపురాణము, మాదిగలకు డక్కలివారు చెప్పు జాంబపురాణము గలవు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథ చెప్పునపుడు పటమునకు మాఱుగా బొమ్మలను నిలుపుదురు. పొణికికఱ్ఱపై చింతగింజల ముద్దయు ఱంపపుపొట్టును పట్టించి చేసిన ఆ బొమ్మలును నకాషీల చేతిపనియే. పటము వ్రాయించువాడు కథకుడు. కథకుని పోషించువారు ఆ కులపు పెద్దలు. భావనఋషి కథలో పులి లేకున్న పద్మశాలి పెద్ద ఊరకుండునా? తమ మూలపురుషుని వేషమున గుఱుతు తప్పినచో, చిత్రకారుడు స్వతంత్రుడు గదా యని వారు సరిపెట్టుకొనరు. తమ వంశకథను తప్పుగా చెప్పినాడనియే తలతురు. అటువంటి చూపరి ఎదుట కుంచె జాగ్రత్తగా నడచును.

అట్లని నకాషీలు మొండివారు కారు. పురాణపురుషులకు తాము కన్నులార చూచిన దుస్తులనే తొడిగిరి. పాతపటములలో రాజులు దక్కను సుల్తానుల కొలువువారివలె జామాలు తొడిగి, నడుమున పట్కాలు బిగించి కనబడుదురు. ఆడువారికి మన యూళ్ల చీరెకట్టే. ద్వాపరయుగమున జామా ఎక్కడిదని ఏ కులపెద్దయు అడిగినట్లు నేను వినలేదు. నీలివన్నె మాఱలేదు, గద మాఱలేదు, పులి మాఱలేదు. దుస్తు మాత్రము దొరతనముల ననుసరించెను. రామప్పగుడిలో (ఆ శాసనము 1213 నాటిది) మదనికలలో నొకతె ఎత్తుమడమల పాదరక్షలు తొడిగియున్నదని అచ్చట గుడి చూపువారు వేడుకతో చూపుదురు. కాకతీయుల శిల్పికిని తన కాలపు సొగసుమీద మనసు పోయినదన్నమాట.

అచ్చుయంత్రము వచ్చిన తరువాత వ్యవహారము మాఱినది. అంతవఱకు చిత్రకారుని చూపరి ఎదుటనే యుండెను. అటుపిమ్మట చూపరి దేశమంతట చెదరెను. 1888లో బరోడా మహారాజు పదునాలుగు పౌరాణిక చిత్రములను కోరగా, తిరువాన్కూరు రాజ్యపు రవివర్మ (1848–1906) ప్రాచీనుల వేషమెట్టిదో తెలిసికొనుటకై ఉత్తరదేశమున తిరిగెను. ఊరికొక కట్టు, సీమకొక తలపాగ. దేశమంతకు చెల్లునట్టి ప్రాచీనవేషమొకటి ఎచ్చటను దొరకలేదు. కావున తానే యొకటి కల్పింపవలసివచ్చెను. దేవతలకును పురాణస్త్రీలకును పెక్కుచోట్ల మహారాష్ట్రపు చీరెకట్టును పెట్టెను. 1894లో బొంబాయిలో అచ్చుకూటము నెలకొల్పిన పిదప ఆ లక్ష్మియు ఆ సరస్వతియు దుకాణపు గోడలకు, పూజగదులకు, పాఠశాలలకు ఎక్కిరి. ఆనంద కుమారస్వామి మొదలగు విమర్శకులు, ఇవి నాటకపు వేషములేగాని దేవతాస్వరూపములు కావని నిందించిరి. జనులు ఆ మాటను చెవిని పెట్టలేదు. ఒక తరము గడచునప్పటికి లక్ష్మీదేవి సృష్ట్యాదినుండి ఆ చీరెయే కట్టినదని దేశము నమ్మినది. నేడు మనము అనాదిసంప్రదాయమని వాదించు వేషములలో కొన్నింటి వయస్సు నూట ముప్పది యేండ్లకు మించదు. ఇది తెలిసి వాదించుట మేలు. రవివర్మ మార్చినది సొగసునే. నాలుగు చేతులను, తామరను, వీణను ముట్టలేదు. ఆయన చిత్రములు చెల్లుటకు అది ముఖ్యకారణమని నా తలంపు.

ఇక మనలో పెక్కుమందికి బాల్యమున కన్ను తెఱపించినది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసునుండి ఆ పత్రికను వెలువరించిరి. నేడది అచ్చులో రాకున్నను, పాతసంచికలను పెట్టె అడుగున దాచినవారు మన పల్లెలలో నున్నారు. అందులో వివాదము వేషమును గూర్చి కాదు, చేతివాటమును గూర్చి. ఒకే రాజు, ఒకే రాక్షసుడు. గీసిన చేయి వేఱైనచో వేఱు లోకము. చిత్ర అను పేరుతో గీసిన టి.వి. రాఘవన్ గారి రాక్షసులు బరువుగలవారు, వారు నడచినచో నేల అదరునట్లుండును. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలకు ఆయన కల్పించిన కోటలు, కొండగుహలు, వింత తలపాగలు ఏ దేశమునకును చెందవు. అయినను ఉన్నవనియే తోచును. 1952లో చేరిన శంకర్ (కె.సి. శివశంకరన్) గారిది దేవాలయపు శిల్పపు చేయి, నగలో ఒక్క పూస తప్పదు. భుజమున శవమును, చేత కత్తిని ధరించి శ్మశానమున నడచు విక్రమార్కుడు ఆయన గీసినవాడే. ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్యగార్ల ముఖచిత్రములు వేఱొక పోకడ. పాపయ్యగారి రంగులలో పసుపుపారాణి తడి కనబడును.

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున మధ్యాహ్నపు విరామమున పిల్లలు ఈ విషయమై రెండు జట్లుగా చీలి వాదించుట పలుమాఱులు విన్నాను. చిత్ర జట్టు, శంకర్ జట్టు. తీర్పు చెప్పుమని నన్నడిగిరి. బొమ్మను దాచి కథను చెప్పుడు, కథను దాచి బొమ్మను చెప్పుడు, ఏ బొమ్మ కథను ఎక్కువ చెప్పునో అదియే గొప్ప యంటిని. వారికది నచ్చలేదు. మరునాడును అదే వాదము. వాదించువారు బొమ్మను బాగుగా చూచినవారేయని మాత్రము నాకు తెలిసినది. భీముని గద ఏ చేత నున్నదో, రాణి ముక్కెర ఏ ప్రక్కనున్నదో కంఠస్థముగా చెప్పెడివారు. వ్యాకరణసూత్రములు అట్లు వచ్చియుండిన నా పని తేలికయై యుండెడిది.

ఆ చందమామను నడపిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే విజయాసంస్థ పక్షమున 1957లో మాయాబజారు చిత్రమును నిర్మించిరి. దాని వెనుక కథ మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది. అంతకుముందు 1956లో వచ్చిన సొంతవూరు అను చిత్రమున నందమూరి తారకరామారావుగారు కొంతసేపు కృష్ణవేషమున కనబడగా ప్రేక్షకులు మెచ్చలేదు. కావున మాయాబజారులో కృష్ణుడు కమ్మని దర్శకుడు కె.వి. రెడ్డిగారు కోరినపుడు ఆయన వెనుకాడెను. దర్శకుడు పట్టు విడువలేదు. వేషము విషయమునను, నిలుచు తీరు, చూచు తీరు, నవ్వు తీరుల విషయమునను ప్రత్యేకముగా శ్రద్ధ తీసికొనిరి. మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు ఆ చిత్రమునకు కళాదర్శకులు. ఫలితమును నేను వర్ణింపనక్కఱలేదు. ఆ కృష్ణుని పటములు కాలెండర్లమీద అచ్చుపడి పూజగదులలో వ్రేలాడినవి. ఆ పిమ్మట ఇతరు లెవరు ఆ వేషము కట్టినను, జనులు కొలత పెట్టునది రామారావుగారితోనే.

ఇందొక చిక్కు గలదు, గమనింపుడు. కృష్ణుడని తెలుపు గుఱుతులు మొదటి చిత్రమున నున్నవి, రెండవదాననున్నవి. నటుడును ఒక్కడే. ఒకటి త్రోసివేయబడినది, రెండవది దేవుని గదికెక్కినది. అనగా గుఱుతు, సొగసు అను రెండు గదులలో వేషమంతయు ఇమడదు. మూడవది యొకటి గలదు. దానిని పొందిక యందును. ధరించిన వేషము ధరించినవాని స్వభావముతో కుదురుట. కృష్ణుని కిరీటము బరువుగా కనబడినచో లీల పోవును. ధర్మరాజు నగలు ఎక్కువైనచో ధర్మము పోవును. ప్రేక్షకుడు దీనికి పేరు చెప్పలేడు. “ఏమో, కుదురలేదు” అనును, అంతే. ఆ మాటను చులకన చేయరాదు. వంటలో ఉప్పెంత తక్కువైనదో తూచి చెప్పలేనివాడు సైతము తక్కువైనదని చెప్పగలడు గదా.

ఈ మూడు కొలతలతో ఇటీవలి తగవును చూతము. మన ప్రభాస్ రామునిగా నటించిన ఆదిపురుష్ చిత్రపు తునకను 2022 అక్టోబరు 2వ తేదీన అయోధ్యలో ప్రదర్శించిరి. వెంటనే దేశమంతట కలకలము. రావణపాత్రధారి పొట్టిజుట్టుతోను గడ్డముతోను ఉన్నాడు. లంకేశ్వరుడు కాడు, ఎవడో పరదేశపు దండయాత్రికుడు అనిరి. ఆంజనేయుని దుస్తులు తోలువలె కనబడుచున్నవనిరి. రామునికి మీసమేమిటనిరి. యంత్రములతో కల్పించిన బొమ్మలు పేలవముగా నున్నవనియు అనిరి. 2023 జనవరి 12న విడుదల కావలసిన చిత్రము, మెఱుగుపఱచుటకై వాయిదా పడి జూన్ 16న వచ్చినది. వచ్చిన పిదప మాటలమీద మఱియొక వివాదము లేచి, కొన్ని సంభాషణలను మార్చిరి. అది వేఱు సంగతి.

ఆ అభ్యంతరము లన్నియు ఒక్క తూకమువి కావు. మీసమును గూర్చినది నా దృష్టిలో తేలికది. మనము చూచు రామపటములలో సాధారణముగా మీసము లేదు, నిజమే. కాని చేర్యాల పటములలో పాండవులు చక్కగా మీసములు దువ్వినవారే, వారిని క్షత్రియులు కారని యెవరును అనలేదు. అది సొగసు. రావణుని సంగతి అట్టిది కాదు. అతడు రాక్షసుడే కాని వేదము చదివినవాడు, శివభక్తుడు, ఐశ్వర్యవంతుడగు రాజు. కిరీటము, నగలు, రాజసము అతని గుఱుతులు. వానిని తీసివేసినచో మిగులునది క్రూరుడొకడు. క్రూరులు లోకమున పెక్కురు గలరు, రావణుడొక్కడే. ఆంజనేయుని విషయమున తప్పినది పొందిక. తోక యున్నది, బలమున్నది, అయినను బ్రహ్మచారియు రామదాసుడునగువానికి తోలు తొడిగినట్లు తోచుట చూపరి మనస్సును గ్రుచ్చినది. ఆ దుస్తు నిజముగా దేనితో చేసినదో విచారించుట అనవసరము; కంటికెట్లు కనబడెనో అదియే వేషము.

ఇటువంటి తగవులు భక్తిచే మాత్రమే పుట్టునని తలపకుడు. అమెరికాలో సూపర్‌మ్యాన్ అను వీరుడు 1938లో బొమ్మలకథల పుస్తకమున పుట్టెను. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు అతనిని కల్పించిరి. పూజ లేదు, పురాణము లేదు. నీలిదుస్తు, ఎఱ్ఱని ఉత్తరీయము, ఱొమ్మున నొక అక్షరము, నీలిదుస్తుపైన ఎఱ్ఱని పొట్టిలాగు. లోపల తొడుగవలసినది పైన తొడిగినాడేమని మనకు నవ్వు వచ్చును. ఆ కాలపు సర్కసులలో బలప్రదర్శనము చేయు మల్లులు అట్లే తొడిగెడివారు. బలవంతుడని చూడగనే తెలియుటకు చిత్రకారుడు ఆ వేషమునే గ్రహించెను. మన పటములలో జామా చేరినట్లే. సర్కసుమల్లులు మఱుగుపడిరి, లాగు మిగిలినది. 2011లో ప్రచురణకర్తలు అది పాతబడినదని తీసివేసిరి. 2013 చిత్రమునను లేదు. పాఠకులలో కొందఱు సంతోషించిరి, పెక్కురు సణిగిరి. 2018లో పుస్తకమున మరల వచ్చెను. 2025 చిత్రమునను వచ్చెను.

మా మనుమడు ఫోనులో ఆ బొమ్మ చూపుచు, “తాతా, సూపర్‌మ్యాన్‌కు ఎర్ర లాగు మళ్ల పెట్టిన్రు!” అని గంతులు వేసినాడు. ఉండిన నేమి, లేకున్న నేమిరా యంటిని. “లేకుంటే పోలీసోని లెక్క కొడ్తడు, తాతా” అని వాని సమాధానము. తొమ్మిదేండ్ల బాలుడు పొందిక యను మాట యెఱుగకయే దానిని పట్టుకొనినాడు. విచిత్రమేమన, ఆ చిత్రపు దర్శకుడు చెప్పిన కారణమును దానికి దగ్గఱిదే. అంత బలవంతుని చూచి పిల్లలు జడియరాదు. ఆ లాగు కొంచెము నవ్వు పుట్టించి వెఱపును తీయునని నటుడు చెప్పగా తాను ఒప్పుకొంటినని ఆయన పలికెను.

ఫాంటమ్ అను మఱియొక వీరుని సంగతి వినోదకరము. 1936లో పుట్టిన ఆతని దుస్తు అమెరికా పుస్తకములలో ఊదారంగు, ఉత్తర ఐరోపా దేశములలో నీలము, ఇటలీలో ఎఱుపు. ఆయా దేశముల అచ్చువారు రంగులను తమకు తోచినట్లు వేసిరి. ఏ దేశపు పాఠకుని అడిగినను తాను బాల్యమున చూచిన రంగే అసలుదని ప్రమాణము చేయును. అలవాటు ఎంత త్వరగా శాస్త్రమగునో దీనివలన తెలియుచున్నది.

తిరిగి చేర్యాలకు వత్తము, ఏలనన అచ్చట నేడు జరుగుచున్నది ఈ తగవులన్నింటికిని వ్యతిరేకమైనది. కథకులు తగ్గిరి. రాత్రంతయు కూర్చుండి కులపురాణము వినువారు తగ్గిరి. నలుబది అడుగుల పటము చేయించువారు అరుదైరి. పటములు వ్రాయు కుటుంబములు కొద్దియే మిగిలినవి. ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు ఈ కళకు లభించినది, ప్రదర్శనశాలలలో చోటు దొరికినది, అది సంతోషమే. ఆ చిత్రకారుల ఇంట పొయ్యి వెలుగుటకు అది తోడ్పడినది. కాని నేడు కొనువారు పట్టణవాసులు. వారికి కావలసినది గోడకు సరిపడు చిన్నపటము, ముఖపుబొమ్మ, తాళపుచేతుల గుత్తికి తగిలించు బిళ్ల. బతుకమ్మ ఆడు స్త్రీలు, దున్నువారు, కల్లుగీయువారు ఆ చిన్నపటములలో ఎక్కువగా కనబడుదురు. బొమ్మలు అందముగనే యున్నవి, ఎఱుపు ఎఱుపుగనే యున్నది. భావనఋషిని వ్రాసి పులిని విడిచినచో అడుగువాడు మాత్రము లేడు. పద్మశాలి పెద్ద ఆ యంగడికి రాడు. వచ్చినవానికి కథ తెలియదు. సినిమా రావణునికి జుట్టు తగ్గినదని దేశము గగ్గోలు పెట్టినది. మన కులపురాణముల వీరుల గుఱుతు లొక్కటొక్కటే జాఱిపోవుచున్నను కసరువాడు లేడు.

కథకుల కుటుంబములలో ఒక ఆచారము గలదు. పటము చినిగి, రంగులు రాలి పనికిరానిదైనపుడు దానిని చెత్తలో వేయరు, అమ్మరు. పూజచేసి, చనిపోయిన ఇంటివానిని సాగనంపినట్లు సాగనంపి, ఏటిలోనో చెఱువులోనో విడుతురు. ఆ తరువాతనే క్రొత్త పటమును విప్పుదురు. పట్టణపు గోడలకు చేరిన చిన్నపటములకు ఈ ఆచారము లేదు. అవి మాసినపుడు దించివేయుదురు.